మైన్‌క్రాఫ్ట్‌లో మాడ్స్ వేస్తున్నారా? ఈ మూడు చూడకపోతే కట్టిన ఊరు గల్లంతే.. నాన్న ఫోన్‌కూ ముప్పే!

నెలల తరబడి ఆటలో కట్టుకున్న ఊరు ఒక్క తప్పు ఫైల్‌తో మాయం కావచ్చు. ఆ ఫైల్ నకిలీది అయితే ఫోన్‌లో ఉన్న బ్యాంకు ఖాతాకే ఎసరు రావచ్చు. అందుకే మైన్‌క్రాఫ్ట్‌లో మాడ్స్ వేసే పిల్లలతో పాటు, వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చే పెద్దలు కూడా ఈ విషయాలు తెలుసుకోవాలి. మరి అవేంటో చూద్దాం.

భీమడోలులో ఓ పదో తరగతి కుర్రాడు ఉన్నాడనుకుందాం. సెలవుల్లో మైన్‌క్రాఫ్ట్‌లో కొల్లేరు కట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో సరస్సు, చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు, ఒక పక్క హైవే, ఇంకో పక్క రైల్వే స్టేషన్. చిన్న తిరుపతికి వెళ్లే రోడ్డు కూడా వేశాడు. అంతా బాగానే ఉంది. కానీ కొల్లేరు అంటే గూడబాతులు ఉండాలి కదా? ఆటపాకలో కనిపించే ఆ పెద్ద పక్షులు మైన్‌క్రాఫ్ట్‌లో లేవు. ఇక అప్పుడు మొదలవుతుంది మాడ్స్ కోసం వెతుకులాట. పైగా ఆ ఫోన్ వాళ్ల నాన్నది. చేపల మేత డబ్బులు, ఐస్ డబ్బులు అన్నీ అందులోంచే కడతారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అసలు మాడ్ అంటే ఏంటి?

మైన్‌క్రాఫ్ట్ స్వీడన్‌కు చెందిన మొజాంగ్ సంస్థ ఆట. 2011 నవంబర్‌లో పూర్తి స్థాయిలో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు మొజాంగ్‌ను కొనేసింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఇటుకల్లాంటి బ్లాకులు పేర్చుకుంటూ ఎవరికి నచ్చింది వాళ్లు కట్టుకోవడమే ఈ ఆట.

ఆట తయారు చేసిన కంపెనీ ఇవ్వని కొత్త జంతువులు, వస్తువులు, సదుపాయాలను బయటివాళ్లు తయారు చేసి జత చేస్తారు. దాన్నే మాడ్ అంటారు. కొన్ని మాడ్స్ కొత్త పక్షుల్ని తెస్తాయి. కొన్ని పాత కంప్యూటర్‌లో కూడా ఆట సాఫీగా నడిచేలా చేస్తాయి. వీటిని తయారు చేసేవాళ్లలో చాలామంది ఆట మీద ఇష్టంతో ఉచితంగానే ఇస్తారు.

మరి ఇబ్బంది ఏంటంటారా? ప్రతి మాడ్ ప్రతి ఫోన్‌లో, ప్రతి కంప్యూటర్‌లో పనిచేయదు. మోటారు బోరుకు తగ్గట్టు ఉండాలి కదా, ఇదీ అంతే. డౌన్‌లోడ్ బటన్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి మూడు: ఏ ఎడిషన్, ఏ వెర్షన్, ఏ లోడర్.

1. ఏ ఎడిషన్? ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే

మైన్‌క్రాఫ్ట్ నిజానికి ఒకటి కాదు, రెండు. కంప్యూటర్‌లో నడిచేది జావా ఎడిషన్. ఫోన్లు, గేమింగ్ కన్సోళ్లలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. విండోస్ కంప్యూటర్‌లో మాత్రం రెండూ నడుస్తాయి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ లోపల రాసిన ప్రోగ్రామ్ వేరు. జావా మాడ్‌ను తెచ్చి బెడ్‌రాక్‌లో వేస్తే పనిచేయదు. దాన్ని ఇలా మార్చుకోవచ్చు, అలా మార్చుకోవచ్చు అని చెప్పే వీడియోలను నమ్మి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

వీడియోల్లో కళ్లు చెదిరేలా కనిపించే మాడ్స్‌లో చాలావరకు జావావే. ఫోన్‌లో ఆడేవాళ్లు వెతకాల్సింది మాడ్స్ కాదు, యాడ్ ఆన్స్. బెడ్‌రాక్‌లో వీటి పేరే అది.

గుర్తుపట్టడం తేలికే. ఫైల్ పేరు చివర జార్ అని ఉంటే అది జావా ఎడిషన్‌ది. ఎంసీప్యాక్ లేదా ఎంసీయాడాన్ అని ఉంటే బెడ్‌రాక్‌ది.

2. ఏ వెర్షన్?

మైన్‌క్రాఫ్ట్‌కు తరచూ అప్‌డేట్లు వస్తాయి. 1.20.1 కోసం చేసిన జావా మాడ్ 1.21.1లో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. చాలాసార్లు ఆట తెరుచుకోకుండానే ఆగిపోతుంది. చివరి అంకె ఒక్కటి మారినా తేడా రావచ్చు.

అందుకని ముందు ఆట వెర్షన్ ఎంచుకుని తర్వాత మాడ్ వెతక్కండి. ముందు మీకు కావాల్సిన మాడ్స్ ఏంటో రాసుకోండి. అవన్నీ ఏ వెర్షన్‌కు దొరుకుతున్నాయో చూడండి. ఆ తర్వాతే ఆట వెర్షన్ ఖాయం చేసుకోండి. కొత్తది కాబట్టి అదే మంచిది అనే మాట ఇక్కడ చెల్లదు.

ఫోన్‌లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. ప్లే స్టోర్ రాత్రికి రాత్రే ఆటను అప్‌డేట్ చేసేస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన యాడ్ ఆన్ పొద్దున్నే మొరాయిస్తుంది. యాడ్ ఆన్ తయారీదారు కొత్త ఫైల్ ఇచ్చేదాకా ఆగాలనుకుంటే, ప్లే స్టోర్‌లో మైన్‌క్రాఫ్ట్ ఒక్కదానికి ఆటో అప్‌డేట్ ఆపుకోవచ్చు.

3. ఏ లోడర్? ఇది కంప్యూటర్ వాళ్లకు

జావా ఎడిషన్ నేరుగా మాడ్స్‌ను తీసుకోదు. మధ్యలో మాడ్ లోడర్ అనే ప్రోగ్రామ్ ఉండాలి. ఫోర్జ్, ఫ్యాబ్రిక్, నియోఫోర్జ్ ఇందులో పేరున్నవి. 2023లో ఫోర్జ్ నుంచి విడిపోయి వచ్చిందే నియోఫోర్జ్. ఫ్యాబ్రిక్ కోసం రాసిన మాడ్ ఫోర్జ్‌లో మామూలుగా నడవదు. ఫోర్జ్ మాడ్ ఫ్యాబ్రిక్‌లోనూ అంతే. మాడ్ పేజీలో వెర్షన్ నంబర్ పక్కనే లోడర్ పేరు కూడా ఉంటుంది. రెండూ మీవాటితో సరిపోతేనే తీసుకోండి.

ఇంకో మాట. కొన్ని మాడ్స్‌కు తోడుగా మరో ఫైల్ కావాలి. ఉదాహరణకు చాలా ఫ్యాబ్రిక్ మాడ్స్‌కు ఫ్యాబ్రిక్ ఏపీఐ అనే ఫైల్ తప్పనిసరి. మాడ్ పేజీలో డిపెండెన్సీస్ అని కనిపించేది ఇదే. అది వేయకుండా మాడ్ పనిచేయట్లేదని తయారీదారుణ్ని తిట్టుకునేవాళ్లు చాలామందే!

ముందు బ్యాకప్.. ఆ తర్వాతే ఏదైనా

కొత్త మాడ్ వేసే ముందు మీ వరల్డ్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఎందుకంటే ఒక మాడ్ వేసి, దాని బ్లాకులతో ఇల్లు కట్టి, తర్వాత ఆ మాడ్ తీసేశారనుకోండి. ఆ బ్లాకులన్నీ పోతాయి. గోడ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. అలాగే పాత వరల్డ్‌ను కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిస్తే మళ్లీ పాత వెర్షన్‌కు క్షేమంగా తీసుకురావడం కుదరదు.

కంప్యూటర్‌లో అయితే ఆట ఫోల్డర్‌లో సేవ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు. ఫోన్‌లో వరల్డ్ పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కితే కాపీ వరల్డ్, ఎక్స్‌పోర్ట్ వరల్డ్ అని ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను వేరే చోట దాచుకోండి.

ఫోన్ వాళ్లకు మరో హెచ్చరిక. ఏదో తేడా వచ్చిందని మైన్‌క్రాఫ్ట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయకండి. అలా చేస్తే యాప్‌తో పాటే కట్టిన ఊళ్లన్నీ చెరిగిపోవచ్చు. ముందు ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ తర్వాతే తీసేయండి.

ఫోన్‌లో యాడ్ ఆన్ వేయడం ఎలా?

డౌన్‌లోడ్ అయిన ఎంసీప్యాక్ లేదా ఎంసీయాడాన్ ఫైల్ మీద నొక్కి, మైన్‌క్రాఫ్ట్‌తో తెరవండి. ఇంపోర్ట్ మొదలైందని, తర్వాత పూర్తయిందని పైన కనిపిస్తుంది. ఇప్పుడు వరల్డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి బిహేవియర్ ప్యాక్స్, రిసోర్స్ ప్యాక్స్ రెండింట్లోనూ దాన్ని యాక్టివేట్ చేయాలి. పక్షి ఎలా ఎగరాలి, ఏం తినాలి అనేది బిహేవియర్ ప్యాక్ చూసుకుంటుంది. అది ఎలా కనిపించాలి అనేది రిసోర్స్ ప్యాక్ పని. ఒకటే వేస్తే పక్షి ఉన్నా సరిగా కనిపించదు.

కొన్నిసార్లు ఫైల్ చివర జిప్ అని సేవ్ అవుతుంది. అప్పుడు ఆ పేజీలో చెప్పిన అసలు పేరుకు మారిస్తే సరిపోతుంది. కొన్ని యాడ్ ఆన్స్‌కు ఎక్స్‌పెరిమెంట్స్ ఆన్ చేయమంటారు. అలా చేస్తే ఆ వరల్డ్‌లో అచీవ్‌మెంట్లు ఆగిపోతాయి. అందుకే అసలు వరల్డ్‌లో కాకుండా దాని కాపీలో ముందు ప్రయత్నించండి.

కంప్యూటర్‌లో అయితే..

ముందు కావాల్సిన మైన్‌క్రాఫ్ట్ వెర్షన్‌ను మాడ్స్ లేకుండా ఒకసారి తెరిచి మూసేయండి. తర్వాత లోడర్ అధికారిక సైట్ నుంచి ఇన్‌స్టాలర్ తెచ్చి, అదే వెర్షన్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయండి. లాంచర్‌లో కొత్త ప్రొఫైల్ కనిపిస్తుంది. ఇన్‌స్టాలేషన్స్ దగ్గర ఫోల్డర్ గుర్తు నొక్కితే ఆట ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మాడ్స్ అనే ఫోల్డర్‌లో జార్ ఫైళ్లు పెట్టాలి. ఆ ఫోల్డర్ లేకపోతే మీరే చేసుకోండి. జార్ ఫైల్‌ను విప్పకూడదు, ఉన్నది ఉన్నట్టే పెట్టాలి.

పది మాడ్స్ ఒకేసారి వేయకండి. ఒకటి వేయండి, ఆట తెరిచి చూడండి, తర్వాత ఇంకోటి.

ఒకవేళ అన్నీ వేసేశాక ఆట తెరుచుకోకపోతే? ఉన్నవాటిలో సగం తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు తెరుచుకుందంటే తప్పు తీసిన సగంలో ఉన్నట్టు. తెరుచుకోలేదంటే మిగిలిన సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 16 మాడ్స్ ఉన్నా నాలుగైదు ప్రయత్నాల్లో దొంగ దొరికిపోతుంది. ఒకదానికొకటి తోడుగా ఉండాల్సిన ఫైళ్లను మాత్రం విడదీయకండి. లాగ్స్ ఫోల్డర్‌లో లేటెస్ట్ అనే ఫైల్ తెరిస్తే, ఏ మాడ్ దగ్గర ఆగిందో తరచూ పేరుతో సహా ఉంటుంది.

తాడేపల్లిగూడెంలో ఉన్న బావతో కలిసి ఆడాలంటే? కొత్త జంతువులు, బ్లాకులు తెచ్చే మాడ్స్ ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్‌లో ఉండాలి. సోడియం లాంటి, ఆట వేగం పెంచే మాడ్స్ మాత్రం ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకు ఉంటే చాలు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఇది పెద్దవాళ్లు తప్పకుండా చదవాలి. ఫ్రీ మైన్‌క్రాఫ్ట్, అన్నీ అన్‌లాక్ అంటూ ఏపీకే ఫైళ్లు అంటగట్టే సైట్లు, గ్రూపులు ఉన్నాయి. ఏపీకే అంటే మాడ్ కాదు, పూర్తి యాప్. అది ఎస్ఎంఎస్ చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుందంటే ఓటీపీలు చూడగలదు, స్క్రీన్‌ను తన చేతిలోకి తీసుకోగలదు. ట్రాఫిక్ చలాన్ పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో వచ్చే ఏపీకే మోసాల్లో జరిగేదీ ఇదే.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ఫైల్ మీద నొక్కితే మైన్‌క్రాఫ్ట్ తెరుచుకోవాలి. అలా కాకుండా ఈ యాప్‌ను ఇన్‌స్టాల్ చేయాలా అని ఫోన్ అడిగిందంటే, అది యాడ్ ఆన్ కాదు. అక్కడితో ఆపేయండి. ఏ యాడ్ ఆన్‌కూ మీ ఫోన్ నంబర్, ఓటీపీ, కాంటాక్ట్స్ అవసరం లేదు.

కంప్యూటర్‌లో కూడా జాగ్రత్త అవసరమే. మోడ్‌రింత్, కర్స్‌ఫోర్జ్ అనేవి ఎక్కువ మంది వాడే మాడ్ సైట్లు. అయితే 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్‌లోని కొన్ని మాడ్స్‌లోకే ఫ్రాక్చరైజర్ అనే వైరస్ చొరబడింది. విండోస్, లైనక్స్ కంప్యూటర్లలోని లాగిన్ వివరాలను దొంగిలించేలా దాన్ని తయారు చేశారు. కాబట్టి పేరున్న సైట్‌లో అయినా నిన్ననో మొన్ననో వచ్చిన, ఎవరూ పెద్దగా వాడని ఫైల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో కొత్త మాడ్స్ ప్రయోగాలు వద్దు.

ఇప్పటికే వేసేసి ఉంటే?

కంగారు పడకండి, అలాగని ఆలస్యమూ చేయకండి. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఆ యాప్‌ను తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో దానికి ఇచ్చిన యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసి మళ్లీ ప్రయత్నించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాను, యూపీఐని ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పిల్లాడికి ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: ఏదైనా తప్పు నొక్కితే తిట్టను, వెంటనే వచ్చి చెప్పు అని. తిడతారన్న భయంతో వాడు దాచిన ప్రతి నిమిషం మోసగాడికే లాభం.

డబ్బు పెట్టకుండా ఆడాలంటే?

మైన్‌క్రాఫ్ట్ డబ్బు పెట్టి కొనాల్సిన ఆట. కొనలేని పిల్లలే నకిలీ ఏపీకేల బారిన పడే ప్రమాదం ఎక్కువ. వాళ్లకో మంచి దారి ఉంది. పేరు లువాంటి. 2010లో ఫిన్‌లాండ్‌కు చెందిన పెర్తు అహోలా మైన్‌టెస్ట్ పేరుతో మొదలుపెట్టారు. 2024లో లువాంటి అని పేరు మార్చారు. పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు, ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. అందులోని వాక్సెలిబ్రే అనే ఆట చాలావరకు మైన్‌క్రాఫ్ట్‌లాగే ఉంటుంది. మాడ్స్ కూడా యాప్ లోపలే వెతికి వేసుకోవచ్చు. తోడు కావాల్సిన ఫైళ్లను కూడా అదే తెచ్చిపెడుతుంది. కొంచెం ఆసక్తి ఉంటే లువా అనే తేలికైన భాష నేర్చుకుని సొంత మాడ్ రాసుకోవచ్చు.

ఇలా ఊళ్లు కట్టడం ఉత్త కాలక్షేపం అనుకోకండి. ఐక్యరాజ్యసమితికి చెందిన యూఎన్ హాబిటాట్, మొజాంగ్ కలిసి 2012లో బ్లాక్ బై బ్లాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. తమ వీధి, తమ పార్కు ఎలా ఉండాలో స్థానికుల చేతే మైన్‌క్రాఫ్ట్‌లో కట్టించి చూస్తున్నాయి. మన కుర్రాడు కట్టిన కొల్లేరుకూ అంతే విలువ ఉండొచ్చు. కాబట్టి ఎడిషన్ చూడండి, వెర్షన్ చూడండి, లోడర్ చూడండి, బ్యాకప్ తీయండి. ఆ తర్వాతే గూడబాతుల్ని వదలండి!