మీకు తెలుసా? ఆన్‌లైన్ పీజీ పట్టా ఎక్కడ చెల్లుతుంది?

ఏటూరునాగారం పిల్లలు రెగ్యులర్ పీజీ చదవాలంటే హనుమకొండలో హాస్టలో, అద్దె గదో వెతుక్కోవాలి. అందుకే ‘ఇంట్లోనే ఎంబీఏ’ అన్న ప్రకటన ఊరిస్తుంది. ఫీజు కట్టేముందు ఇవి చదవండి.

● ఇంటి నుంచి చదవడం మనకు కొత్తేం కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌దే. ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ 1982లో మొదలైంది. ఇగ్నో వచ్చింది 1985లో.

● యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ ఎంఏ, ఎంకాం, ఎంబీఏలు రెగ్యులర్ పట్టాలతో సమానం. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా మాత్రం ఆన్‌లైన్‌లో కుదరవు. పీహెచ్‌డీ అసలే కుదరదు. ‘ఆన్‌లైన్ ఎంటెక్’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

● ఏటూరునాగారం నుంచి ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, వాజేడు మీదుగా వెళితే ఛత్తీస్‌గఢ్. 2002లో ఆ రాష్ట్రం చేసిన చట్టంతో ఏకంగా 112 ప్రైవేటు వర్సిటీలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి క్యాంపస్ లేదు, పాఠం చెప్పేవాళ్లూ లేరు. 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లు కొట్టేయడంతో అవన్నీ రద్దయ్యాయి. నిజంగా చదువుతున్న పిల్లలు నష్టపోకుండా, వాళ్ల కాలేజీలను అక్కడి ప్రభుత్వ వర్సిటీలకు అనుబంధం చేయమని కోర్టు చెప్పింది. ‘ప్రభుత్వ చట్టంతో ఏర్పడింది’ అన్న మాట ఒక్కటే చూసి డబ్బు కట్టకూడదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

● ప్రకటనల్లో కనిపించే న్యాక్ గ్రేడు సంస్థ నాణ్యతను చూసి, సంస్థకు ఇచ్చేది. మీ కోర్సును ఆన్‌లైన్‌లో నడపవచ్చా లేదా అన్నది వేరే లెక్క.

● విదేశాలకు వెళ్లేవాళ్లు పట్టా వెనక అంటించుకునే చిన్న అపోస్టిల్ స్టిక్కర్ సంతకం, ముద్ర అసలువేనని మాత్రమే చెబుతుంది. చదువు విలువ తేల్చేది అక్కడి వర్సిటీ, లేదా ఉద్యోగమిచ్చే సంస్థ.

● అమెరికాలోని జార్జియా టెక్ 2014 నుంచి కంప్యూటర్ సైన్స్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ నడుపుతోంది. పట్టా క్యాంపస్ వాళ్లకిచ్చేదే. కానీ పూర్తి ఆన్‌లైన్ చదువుకు స్టూడెంట్ వీసా ఇవ్వరు. మనవాళ్లు ఆశపడే ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి) కూడా ఉండదు.

● విదేశీ వర్సిటీల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యూజీసీయే హెచ్చరించింది.

ఇక్కడి వర్సిటీలో ఆన్‌లైన్ కోర్సయితే, ఫీజు కట్టేముందు యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) వెబ్‌సైట్‌లో వర్సిటీ పేరు, కోర్సు, మీరు చేరే సెషన్ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కటి లేకపోయినా చేరకండి.