నీటిబొట్టులోని కొత్త జీవికి పేరు పెట్టుట

వానలు వెలిసిన పిదప ఊరి చెరువు నీరు పచ్చబడుట మనమందరము చూచినదే. ఆ నీటిని ఒక సీసాలో పట్టి, ఒక బొట్టును గాజుపలకపై ఉంచి, పాఠశాలలోని సూక్ష్మదర్శినితో చూచినచో పచ్చని బంతులు, గొలుసులు, ఈదులాడు చుక్కలు కనిపించును. ఇవి శైవలములు. మెట్లపై కాలు జారించు నాచు, సముద్రపు బండలను అంటి పెరుగు పాచి కూడ ఈ సమూహములోనివే.

"దీని పేరేమిటండీ?" అని విద్యార్థి అడుగును. అది స్పైరోగైరా యైనచో, వాల్వాక్స్ యైనచో ఉపాధ్యాయుడు వెంటనే చెప్పగలడు. కాని ఒక మూలనుండి మరియొక మూలకు చరచర పోవుచున్న అతి చిన్న చుక్కను చూపి అడిగినచో "అది యేదో ఒక శైవలము" అనుటకంటె ఎక్కువ చెప్పుట కష్టము. 1950వ సంవత్సర ప్రాంతమున సముద్రములోని సూక్ష్మ శైవలములలో చాలవాటి విషయమున గొప్ప శాస్త్రజ్ఞుల స్థితియు ఇంతే. ఆ స్థితి ఎట్లు మారినదో, పేరు పెట్టుటకు అంత శ్రమ ఎందుకు పడవలెనో ఒక చిన్న జీవి కథవలన తెలిసికొందము.

కాంతికి ఉన్న హద్దు

మిల్లీమీటరులో వెయ్యవ వంతు మైక్రోమీటరు. మన కథలోని జీవి సుమారు 10 మైక్రోమీటర్ల పొడవు గలది. అట్టివి నూరింటిని వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు అగును. మామూలు సూక్ష్మదర్శినిలో ఇది కనిపించును. దాని బంగారు వన్నె, ఈదు తీరు, తోకలవంటి కశాభములు తెలియును. కాని అటువంటివే మరి పది జాతులు అదే నీటిలో ఉన్నప్పుడు వాటిని వేరుపరచు గుర్తులు కనిపించవు.

కటకములను ఎంత బాగుగా సానపట్టినను ఈ చిక్కు తీరదు. కారణము కాంతిలోనే ఉన్నది. మనము చూడగల కాంతి తరంగముల పొడవు 0.4 నుండి 0.7 మైక్రోమీటర్ల వరకు ఉండును. రెండు చుక్కల మధ్య దూరము సుమారు 0.2 మైక్రోమీటర్లకు తగ్గినచో, అవి రెండును కలిసి ఒకే మచ్చగా కనిపించును. గోనెపట్ట చుట్టుకొన్న చేతితో రూపాయి బిళ్ళను తడిమినచో బిళ్ళ తెలియునుగాని, దానిపై అక్షరములు తెలియునా? ఇదియు అట్టిదే. బొమ్మను ఎంత పెద్దది చేసినను మచ్చ పెద్దదగునేగాని, క్రొత్త వివరమేమియు రాదు.

1931లో జర్మనీదేశమున ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అను వారు వేరొక దారి తొక్కిరి. కాంతికి బదులు ఎలక్ట్రానుల పుంజమును, గాజు కటకములకు బదులు విద్యుత్తు ప్రవహించు తీగచుట్టల అయస్కాంత క్షేత్రములను వాడి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించిరి. వేగముగా పోవు ఎలక్ట్రానుల తరంగదైర్ఘ్యము కాంతి తరంగదైర్ఘ్యములో లక్షవ వంతు మాత్రమే. కటకములలోని లోపములవలన ఆ లాభమంతయు చేతికి రాకపోయినను, వచ్చినంతవరకే ఒక క్రొత్త లోకము బయటపడినది. ఈ కృషికి రుస్కా 1986లో నోబెల్ బహుమానము పొందెను.

జీవిని సిద్ధపరచుట

అయితే ఈ యంత్రములో ఒక పెద్ద ఇబ్బంది కలదు. గాలి ఉన్నచో ఎలక్ట్రానులు చెదరిపోవును. కనుక లోపలి గాలినంతటిని తీసివేయవలెను. అట్టి శూన్యములో నీరు నిలువదు; నీరు లేనిదే శైవలము బ్రతుకదు. కావున ఈ యంత్రములో మనము చూచునది చచ్చి ఎండిన జీవిని మాత్రమే.

ఎండునపుడు రూపు చెడకుండ మొదట ఆస్మియం టెట్రాక్సైడు ఆవిరితో కణమును చంపి గట్టిపరచుదురు. తరువాత దానిని సన్నని రాగి వలపై పరచిన పలుచని పొరమీద ఆరబెట్టుదురు. ఇంతటితో బొమ్మ స్పష్టముగా రాదు. ఏలయన కణపు చిన్న భాగములు ఎలక్ట్రానులను అంతగా అడ్డగించవు. అందువలన శూన్యములో ఒక లోహమును కాచి, దాని ఆవిరిని ఏటవాలుగా ప్రసరింపజేయుదురు. ఎత్తుగా ఉన్న భాగములకు ఒక ప్రక్కనే లోహము అంటును. రెండవ ప్రక్క నీడవలె ఖాళీగా మిగులును. మిట్టమధ్యాహ్నము చదునుగా కనిపించు దుక్కి చాళ్ళు ఉదయపుటెండలో నీడలతో ఎట్లు తేటపడునో, కణముపై మిట్టపల్లములు అట్లు తేటపడును. నీడ పొడవును బట్టి చెట్టు ఎత్తు కట్టు లెక్క మన విద్యార్థులకు తెలిసినదే. లోహపు ఆవిరి పడిన కోణము తెలిసినచో, అదే లెక్కతో మైక్రోమీటరులో పదవ వంతు ఎత్తును కూడ కొలువవచ్చును.

లోపలి నిర్మాణము చూడవలెనన్నచో కణమును ప్లాస్టికువంటి పదార్థములో పొదిగి, పగులగొట్టిన గాజు అంచుతో పలుచని పొరలుగా కోయుదురు. ఒక్కొక్క పొర మందము మైక్రోమీటరులో ఇరువదవ వంతు అనుకొన్నచో, 10 మైక్రోమీటర్ల జీవినుండి 200 ముక్కలు వచ్చును. వాటిని ఒకదాని వెంట ఒకటి చూచి, మొత్తము రూపమును మనసులో కట్టుకొనవలెను.

ఇద్దరు స్త్రీల కృషి

ఇంగ్లండు దక్షిణ తీరమున ప్లిమత్ నగరములో సముద్ర జీవశాస్త్ర సంఘపు ప్రయోగశాల ఉన్నది. అచట మేరీ పార్క్ అను శాస్త్రజ్ఞురాలు సముద్రపు నీటినుండి ఒక్కొక్క సూక్ష్మ శైవలమును వేరుచేసి, సీసాలలో పెంచుచుండెను. ఆలిచిప్పల పిల్లలకు ఏ శైవలములు మంచి ఆహారమగునో తెలిసికొను పనితో ఆమె ఈ రంగమున ప్రవేశించినది. లీడ్స్ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర ఆచార్యిణిగా ఉండిన ఐరీన్ మాంటన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని వృక్షకణములపై వాడుటలో అగ్రగణ్యురాలు. 1952లో ఆమె క్లార్క్ అను సహచరునితో కలిసి స్ఫాగ్నమ్ అను మాసు మొక్క పురుషబీజపు కశాభములో తొమ్మిది జంట తంతువులు వలయముగాను, మధ్యను రెండును ఉన్నట్లు చూపెను.

ఈ ఇద్దరి కలయిక ఎంతో ఫలవంతమైనది. పార్క్ బ్రతికియున్న జీవిని రోజుల తరబడి పరిశీలించి, దాని రంగు, నడక, తిండి, విభజన వ్రాసికొనును. మాంటన్ అదే వర్ధనములోని జీవి పొలుసును, తంతువును ఫొటో తీయును. ఒకరు చూచినది ఇంకొకరు చూడలేరు. రెండును చేరినప్పుడే జాతి వర్ణన పూర్తియగును.

క్రైసోక్రోమ్యులినా అను ప్రజాతికి చెందిన మూడు క్రొత్త జాతులను వారు 1955లో క్లార్క్‌తో కలిసి వర్ణించిరి. ఈ జీవులకు రెండు కశాభములుగాక మూడవ తంతువు ఒకటి కలదు. అది ఒక్కొక్కప్పుడు తీగవలె చుట్టుకొనును, ఒక్కొక్కప్పుడు చాచుకొని దేనినైన అంటుకొనును. మామూలు సూక్ష్మదర్శినిలో అదియు కశాభమే అనిపించును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాని కట్టడము పూర్తిగా వేరని తేలినది. దానికి హాప్టోనీమా అని పేరిడిరి. ఈనాడు ఆ సమూహమంతటిని హాప్టోఫైటా అని పిలుచుట ఆ తంతువును బట్టియే.

అంతకంటె ఆశ్చర్యకరమైనది కణముపై కప్పిన పొలుసుల సంగతి. చేపకువలె ఈ కణము చుట్టును సున్నితమైన పొలుసులున్నవి. పెక్కు పొలుసులు మైక్రోమీటరులో కొంత భాగము మాత్రమే. కొన్ని బిళ్ళలవలె గుండ్రనివి, కొన్నిటికి ముల్లు కలదు. వాటిపై గీతలు జాతికొక తీరుగా ఉండును. నేతచీర అంచును చూచి ఏ ఊరి నేతయో చెప్పునట్లు, పొలుసును చూచి జాతిని చెప్పవచ్చునని తేలినది.

1962లో మాంటన్, పార్క్ మరియొక క్రొత్త జాతిని ప్రకటించి, దానికి క్రైసోక్రోమ్యులినా పాలిలెపిస్ అని పేరు పెట్టిరి. పాలిలెపిస్ అనగా గ్రీకు భాషలో "పెక్కు పొలుసులు గలది". ఈ పొలుసులు కణములోపల గాల్జి సంఘట్టము అను భాగములో తయారై, తరువాత పైకి వచ్చునని కూడ ఆ పరిశోధనలో చూపిరి.

పేరు పెట్టుటకు నియమములు

క్రొత్త జీవిని చూచినవారు తమకు తోచిన పేరు పెట్టి ఊరకుండుటకు వీలులేదు. అంతర్జాతీయ నియమములు కలవు. పేరులో రెండు మాటలుండవలెను: మొదటిది ప్రజాతి, రెండవది జాతి. 1958 జనవరి 1 మొదలు క్రొత్త శైవల జాతికి దాని ప్రత్యేక లక్షణములు చూపు చిత్రము తప్పనిసరి. 2011 చివరి వరకు వర్ణన లాటిను భాషలో ఉండవలెను. 2012నుండి ఆంగ్లములో నైనను వ్రాయవచ్చును. ఇదివరకు తెలిసిన జాతులలో దగ్గరివానికిని దీనికిని భేదమేమో కూడ తెలుపుట మంచి వర్ణనకు లక్షణము. చదివినవాడు ప్రపంచములో ఏ మూలనున్నను "ఇది అదే" అని గుర్తుపట్టగలుగుటయే దీని పరమార్థము.

ఇరువదియారు సంవత్సరముల తరువాత

పాలిలెపిస్ వర్ణన గ్రంథాలయములలో నిలిచినది. ఆ జీవివలన ఎవరికిని హాని జరిగినట్లు తెలియదు. 1988 మే మాసమున స్వీడను, డెన్మార్కు, నార్వే దేశముల నడుమనున్న కాటెగాట్, స్కాగెరాక్ సముద్ర భాగములలో ఒక సూక్ష్మ శైవలము విపరీతముగా పెరిగినది. ఒక లీటరు నీటిలో కోట్లకొలది కణములు లెక్కకు వచ్చినవి. చేపలు, నత్తలు, నక్షత్రపు చేపలు, సముద్రపు పాచి సైతము చచ్చినవి. నార్వే తీరమున పంజరములలో సాల్మన్ చేపలను పెంచువారికి ప్రాణసంకటమైనది. ఆ శైవలము ఉప్పు తక్కువైన నీటిలోనికి అంతగా వ్యాపించనందున, వారు పంజరములను పడవలకు కట్టి ఫియర్డులనబడు ఇరుకైన సముద్రపు పాయల లోపలికి లాగుకొనిపోయిరి. అయినను వందల టన్నుల చేపలు నశించినవి.

ఈ పని చేసినదెవరు? నీటినుండి తీసిన కణముల పొలుసులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచిరి. 1962నాటి చిత్రములతో పోల్చిరి. అది పాలిలెపిసే. ఆ చిత్రములు లేకున్నచో చేపలను చంపినది "ఏదో ఒక బంగారు వన్నె చుక్క" గానే మిగిలియుండెడిది. అదే మే మాసమున ఐరీన్ మాంటన్ తన 84వ ఏట కన్నుమూసెను.

పొలుసు చెప్పనిది

కథ ఇంతటితో ముగియలేదు. ఆ సంవత్సరపు నీటినుండి తీసి పెంచిన వర్ధనములలో రెండు విధముల పొలుసులు గల కణములు కనబడినవి. పొలుసులనే నమ్మినచో అవి రెండు జాతులు. తరువాతి పరిశోధనలలో అవి ఒకే జాతి జీవితములోని రెండు రూపములని తేలినది. ఒకే మనిషి రెండు చొక్కాలు మార్చినట్లన్నమాట. ఇప్పుడు కణములోని డి.ఎన్.ఏ. క్రమమును కూడ చదివి జాతులను నిర్ణయించుచున్నారు. ఆ ఆధారముతో 2011లో ఈ జీవిని ప్రిమ్నీసియం అను ప్రజాతిలోనికి మార్చిరి. నేడు దాని పేరు ప్రిమ్నీసియం పాలిలెపిస్. మొదటి మాట మారినను, మాంటన్, పార్క్‌లు ఇచ్చిన రెండవ మాట అట్లే నిలిచినది. వర్ణన సరిగా వ్రాసిన ఫలమిది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మన పాఠశాలలలో ఉండదు. కాని మేరీ పార్క్ చేసిన పనిలో మొదటి సగము చేయుటకు మామూలు సూక్ష్మదర్శిని చాలును. ఉపాధ్యాయులు విద్యార్థులచేత చెరువు నీటిని వారమునకొకసారి తెప్పించి, కనిపించినదానిని కనిపించినట్లు బొమ్మ గీయించి, తేదీ, స్థలము, నీటి రంగు వ్రాయించవలెను. పేరు తెలియనిచోట ఊహించి వ్రాయరాదు. "పేరు తెలియదు, రెండు కశాభములు, పసుపు వన్నె, గుండ్రముగా తిరుగుచు ఈదును" అని వ్రాయవలెను. ఆ బొమ్మ, ఆ తేదీ ఎవరికి, ఎన్నడు పనికివచ్చునో గీసిన నాడు తెలియదు. పాలిలెపిస్ విషయమున అది తెలియుటకు 26 సంవత్సరములు పట్టినది.