గొళ్లెం బంగారం కానూ!

ఇంటికి రంగులు వేయించాలనుకున్నారనుకోండి... గోడల తరవాత చూపు పడేది తలుపుల మీదే. నల్లబడ్డ గొళ్లేలు, చిలుము పట్టిన హ్యాండిళ్లు, పెయింటు మీద పెయింటు పడి ఏ లోహమో కూడా తెలియకుండా పోయిన బందులు. 'ఇవన్నీ పీకేసి కొత్తవి పెట్టిద్దాం సార్' అంటాడు వడ్రంగి. ఇంకేముంది, పాతవి గోనెసంచిలోకి చేరి పాతసామాన్ల కొట్లో తూకానికి వెళ్లిపోతాయి. వాటి స్థానంలో తళతళలాడే బంగారు రంగు సెట్టు వస్తుంది. అది చౌకరకమైతే కొన్నాళ్లకే చెయ్యి తగిలేచోటల్లా పూత లేచిపోయి, లోపలి తెలుపు బయటపడుతుంది.

పెంబర్తి, బుడితి, అజ్జరం... ఇత్తడి పనికి పేరుమోసిన ఊళ్లున్న నేల మనది. అయినా నిఖార్సయిన ఇత్తడిని అమ్మి పైపూతను కొనుక్కుంటున్నాం. వడ్రంగికి 'సరే' అనేముందు ఓ అయస్కాంతం చేతిలోకి తీసుకోండి.

ఇత్తడా... పూతా?

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమం. అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుందంటే లోపల ఉన్నది ఇనుమే. అంటుకోలేదని వెంటనే సంబరపడిపోవద్దు, జింకు మిశ్రమంతో పోతపోసి పైన పసుపు పూత వేసినవీ అంటుకోవు. తలుపుకు ఆనుకునే వెనకవైపు, ఎవరికీ కనిపించనిచోట చాకు మొనతో చిన్న గీత గీయండి. లోపలా పసుపుపచ్చగానే ఉంటే ఇత్తడి. వెండిలా తెల్లగా కనిపిస్తే పూత.

ఇది తెలియకుండా తోమడం మొదలుపెడితే ఉన్నదీ పోతుంది. పూత మందం మైక్రాన్లలోనే ఉంటుంది మరి. స్టీలు పీచు పెట్టి రుద్దితే మురికితోపాటు అదీ కొట్టుకుపోతుంది. అలాంటివాటికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పూత ఇప్పటికే లేచిపోయిందా? ఎలక్ట్రోప్లేటింగ్ చేసేవాళ్లకు ఇవ్వడమో, మార్చేయడమో... అంతే!

చింతపండు చాలు

ఇత్తడే అని తేలితే తలుపు నుంచి ఊడదీయండి. స్క్రూలతో సహా ఓ కవర్లో వేసి 'వంటింటి తలుపు' అని రాసిపెట్టుకుంటే తరవాత తికమక ఉండదు. వీధితలుపు గడియ పని మాత్రం పొద్దున్నే మొదలుపెట్టండి... రాత్రికి తలుపు వేసుకోవాలిగా!

చిలుము మచ్చలుమచ్చలుగా ఉండి మధ్యమధ్య మెరుస్తోందంటే, పైన వార్నిష్‌లాంటి రంగులేని లాక్కర్ పూత ఉందన్నమాట. అది పోనిదే చింతపండు పనిచేయదు. దూదిని అసిటోన్‌లో ముంచి తుడిస్తే వచ్చేస్తుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని చేయాలి.

ఆ తరవాత నానబెట్టిన చింతపండు గుజ్జులో చిటికెడు ఉప్పు కలిపి పట్టించండి. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది. బామ్మలు బిందెలు తోమిన కిటుకూ ఇదే. ఐదు నిమిషాలు చాలు. రాత్రంతా ఉంచితే ఇంకా మెరుస్తుందనుకుంటే పొరపాటు. ఆమ్లం ఇత్తడిలోని జింకును లాగేస్తే పైన రాగి మిగిలి గులాబిరంగు తేలుతుంది. బాత్రూమ్ యాసిడ్ జోలికైతే అసలు వెళ్లొద్దు.

పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి, తడి లేకుండా తుడవండి. స్క్రూ రంధ్రాల్లో ఉప్పు మిగిలితే మళ్లీ చిలుమే. చివర్లో పీతాంబరో బ్రాసోనో మెత్తటి గుడ్డతో. చెక్కుడు పనిలోని నలుపును మాత్రం అక్కడక్కడా వదిలేయండి. అది పోతే పువ్వూ ఆకూ ఒకటైపోయి పనితనమే కనిపించదు.

పెయింటు పడి ఉంటే...

పొడిగా గరుకు కాగితం పెట్టి గీకొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్లలో సీసం ఎక్కువే ఉండొచ్చు. ఆ ధూళి చిన్నపిల్లలకు మరీ ప్రమాదం. డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లలో నాననిస్తే పెయింటు మెత్తబడి ఊడివస్తుంది. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు.

పైపూత వేయాలా?

చేతులు అంతగా తగలని ఇత్తడి గుబ్బలకు లాక్కర్ స్ప్రే మంచిదే. విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇత్తడి తొందరగా నల్లబడుతుంది కాబట్టి అక్కడ ఇంకా అవసరం. రోజూ పట్టుకునే హ్యాండిళ్ల మీద మాత్రం పూత అరిగి మళ్లీ మచ్చలే వస్తాయి. వాటిని అలాగే వదిలేసి అప్పుడప్పుడూ తుడుచుకోవడం నయం. మరో లాభం కూడా ఉంది. రాగి ఎక్కువున్న లోహాల మీద సూక్ష్మక్రిములు చచ్చిపోతాయి. ఆ సంగతి చెప్పుకుని అమ్ముకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ 2008లో అనుమతి కూడా ఇచ్చింది. లాక్కర్ వేస్తే క్రిములకు లోహం తగలదు, ఆ గుణమూ పనిచేయదు.

ఇక బిగింపు. ఇత్తడి స్క్రూలు మెత్తన. గట్టి టేకులోకి బలవంతంగా తిప్పితే తల తెగి, మొండెం చెక్కలోనే ఉండిపోతుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూని బిగించి తీయండి. దారి పడ్డాక ఇత్తడిదాని మరలకు కాస్త సబ్బు రాసి తిప్పితే సులువుగా దిగుతుంది. రంధ్రం వదులైపోయిందా... జిగురు రాసిన అగ్గిపుల్ల ఒకటి అందులో దూర్చండి.