ఏసీఎల్ సర్జరీ తర్వాత ఫిజియోథెరపీ: ఏ గాడ్జెట్ పనికొచ్చింది, ఏది రాలేదు?

క్రికెట్, కబడ్డీ, బైక్ స్కిడ్... మోకాలి లిగమెంట్ తెగడానికి కారణాలు బోలెడు. నాది షటిల్. సర్జన్ కొత్త గ్రాఫ్ట్ వేసి పంపేస్తారు, ఆ తర్వాత నెలల తరబడి పని మనదీ, ఫిజియోదీ. ఈ ఏడు నెలల్లో నా దగ్గరున్న గాడ్జెట్లన్నీ ఆ మోకాలి మీద ట్రై చేశాను.

ముందు స్మార్ట్‌వాచ్ సంగతి. మొదటి వారాల్లో దాదాపు వేస్ట్. క్రచెస్ పట్టుకుంటే చెయ్యి ఊగదు కదా, అడుగుల లెక్కే తప్పుతుంది. పైగా 10,000 అడుగుల టార్గెట్ ఏ డాక్టరో పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో వచ్చిన 'మాన్‌పోకే' అనే పెడోమీటర్ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటర్! రింగ్ నింపాలని నడిస్తే మర్నాడు మోకాలు వాస్తుంది. మా ఫిజియో మేడం చేతిలో ఉండేది టైలర్ టేప్. మోకాలి చిప్ప మీదుగా చుట్టూ కొలిచేవారు, నిన్నటికంటే పెరిగితే ఈరోజు ఎక్సర్‌సైజ్ తగ్గించేవారు. అంతే.

బాగా పనికొచ్చింది మాత్రం ఫ్రీగా దొరికే లెవెల్ టూల్. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోనే ఉంటుంది, ఆండ్రాయిడ్‌కి ప్లేస్టోర్‌లో చాలా ఉన్నాయి. వెల్లకిలా పడుకుని మడమను తుంటివైపు జరపండి. ఫోన్ అంచును తొడ మీద పెడితే 50 డిగ్రీలు, మోకాలి కింద ఎముక మీద పెడితే 45 వచ్చిందనుకోండి, మోకాలు 95 డిగ్రీలు మడిచినట్టు. రోజూ ఒకే చోట పెట్టాలి, లేకపోతే రీడింగ్ మారిపోతుంది. అందరూ మడత మీదే పడతారు గానీ, ఫిజియోకి అంతకంటే ముఖ్యం కాలు పూర్తిగా చాచడం, అంటే 0 డిగ్రీలు. ఆ చివరి 5 డిగ్రీలు రాకపోతే నడకలో కుంటు ఉండిపోవచ్చు.

ఇంకో సమస్య తొడ ముందు కండరం. వాపు వల్ల నరాల వ్యవస్థ దాన్ని సరిగ్గా ఆన్ చేయదు. హార్డ్‌వేర్ బాగానే ఉంది, డ్రైవర్ లోడ్ కావట్లేదు అన్నమాట. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కే బోరింగ్ ఎక్సర్‌సైజ్ అందుకే. క్లినిక్‌లో పెట్టే కరెంట్ మెషిన్ కండరాన్ని బిగించేది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే టెన్స్ మెషిన్ నొప్పి తగ్గించడానికి. రెండూ ఒకటి కాదు, కొనేముందు చూసుకోండి. మసాజ్ గన్ అయితే అసలు వద్దు. సర్జరీ తర్వాత పిక్కలో నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

మూడో నెల నుంచి స్లో మోషన్ వీడియో బాగా కలిసొచ్చింది. ఒంటికాలి స్క్వాట్‌లో మోకాలు లోపలికి వాలుతోందని మేడం ఒక్క చూపులో చెప్పేశారు. నాకు 240 ఎఫ్‌పీఎస్‌లో గానీ కనబడలేదు.

మళ్లీ ఆట ఎప్పుడు? 2016లో నార్వేలో వచ్చిన ఒక స్టడీ ప్రకారం, 9 నెలల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు దాదాపు సగానికి తగ్గింది. దాంతోపాటు హాప్ టెస్ట్ ఉంటుంది: ఒంటికాలి మీద గెంతి దూరం కొలుస్తారు, ఆపరేషన్ కాలు రెండోదానిలో కనీసం 90 శాతం అందుకోవాలి. దీనికి యాప్ ఏం లేదు, క్లినిక్ నేల మీద అతికించిన టేపే. ఏడో నెలలో నాది 82 వచ్చింది. మళ్లీ టెస్ట్ ఆరు వారాల తర్వాత.