భయమంతా ఇంటి లోపలే

1968 అక్టోబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే చిత్రం విడుదలైంది. దీని వెనుక పెద్ద స్టూడియో ఏదీ లేదు. వ్యాపార ప్రకటనలు తీసే జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు తలా కొంత సొమ్ము వేసుకుని ప్రారంభించారు. మొత్తం వ్యయం సుమారు 1,14,000 డాలర్లు.

కథ చాలా చిన్నది. చచ్చినవారు లేచి బ్రతికినవారిని తినవస్తుంటే ఏడుగురు ఒక పల్లెటింట్లో తలదాచుకుంటారు. నేడు ‘జాంబీ’ చిత్రాలుగా పిలువబడుతున్న వాటికి మూలం ఇదే. ఆ మాట మాత్రం ఇందులో ఎక్కడా వినిపించదు.

కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఇల్లు దొరకడం వలన తలుపులు, కిటికీలు నిస్సంకోచంగా పగులగొట్టగలిగారు. రక్తానికి బదులు చాక్లెట్ పాకం వాడారు; నలుపు తెలుపులలో తేడా తెలియదు. నిర్మాతలే వేషాలు కట్టారు. ఈ లేమియే చిత్రానికి మేలు చేసింది. గరుకైన బొమ్మ, మధ్యమధ్య రేడియో, టీవీ వార్తలు కలసి ప్రేక్షకునికి నిజమైన వార్తాచిత్రం చూస్తున్న భ్రమ కలిగిస్తాయి.

అయితే ఇన్నేళ్లయినా ఈ చిత్రం వెంటాడడానికి కారణం బయటి శవాలు కావు, లోపలి మనుషులు. నేలమాళిగలో దాగుదామని హ్యారీ, పైనే ఉండి ఎదుర్కొందామని బెన్ పంతం పడతారు. ఇద్దరిలో ఎవరూ మెట్టు దిగరు. తుపాకి కోసం పెనుగులాట దాకా పోతుంది. తుదకు బెన్ ప్రాణం దక్కించుకున్నది హ్యారీ చెప్పిన ఆ నేలమాళిగలోనే! తెల్లవారగానే, కాపాడవచ్చినవారే అతనిని శవమని భ్రమించి కాల్చివేస్తారు.

బెన్ పాత్ర ధరించిన డ్వేన్ జోన్స్ నల్లజాతీయుడు. అతని రంగును గురించి సంభాషణలలో ఒక్క మాట లేదు. కాని అదే ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ ముగింపును చూసినవారికి అది గుర్తుకు రాక మానునా?

ఇది పసివారికి తగిన చిత్రం కాదు. మధ్యాహ్నపు ఆటకు వచ్చిన పిల్లలు భయంతో బిగుసుకుపోయిన తీరును విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1969లో వర్ణించారు.

ఇంత పేరు తెచ్చుకున్నా నిర్మాతలకు దక్కవలసిన సొమ్ములో అధికభాగం దక్కలేదు. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత పేరుతోపాటు తెరపై ఉన్న హక్కుల ప్రకటన కూడా తొలగిపోయింది. నాటి చట్టం ప్రకారం ఆ ఒక్క పంక్తి లేకపోవడంతో చిత్రం అందరి సొత్తయిపోయింది. ఎవరు ప్రదర్శించినా, అమ్మినా అడిగే దిక్కు లేదు. 1999లో అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో దీనికి స్థానం లభించింది.