కోనసీమ పచ్చదనము

జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటి రావులపాలెములో అడుగుపెట్టగానే పట్టణవాసుల నోట వచ్చు మొదటి మాట ‘ఎంత పచ్చదనము!’ అన్నది. గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రము వరకు పరచుకొన్న ఈ సీమ కేవలము ప్రకృతి దానమని పలువురు తలంతురు. అది సగము సత్యమేనని మా మనవి.

ఒండ్రు తెచ్చినది గోదావరి. దానిని మాగాణి చేసినది కాలువ. 1833 నాటి కరవు గోదావరి తీరమున ఎందరినో బలిగొన్నది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమున ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కొత్తపేట, అమలాపురము ప్రాంతములకు నీరు వచ్చినది గాని, రాజోలు వైపు పోవుటకు వైనతేయ అడ్డు నిలిచినది. అందుచే ఆనాటి ఇంజనీర్లు గన్నవరము వద్ద 49 కమానులు కట్టి, ఏటిమీదుగా కాలువను దాటించిరి. తరువాత వెలసిన కొత్త అక్విడక్టుకు, బాటసారుల ఆకలి తీర్చిన డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చినది. 2011లో గిట్టుబాటు ధర లేక, మురుగునీరు పోక, రైతులు సాగు విరామము ప్రకటించి తొలకరి పంట వేయలేదు. కనుక ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని, అంతర్వేదిలో సాగర సంగమమును దర్శించువారు కాలువగట్టుపై కూడ కొంతసేపు నిలువవలెను. నీరెంతవరకు అందుచున్నదో, ఏ మురుగుకాలువ పూడినదో అచ్చటి రైతు నడిగినచో చెప్పును.