పాత కంప్యూటర్ మొరాయిస్తే...

ఇంట్లో వస్తువు పాతబడినంత మాత్రాన మనం దాన్ని అంత తేలిగ్గా వదులుకోం. తిరగలి అరిగితే కక్కు కొట్టిస్తాం. గోడ గడియారం ఆగితే బాగు చేయిస్తాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో ఆ ఓపిక ఉండదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే ఎక్కదు. తెరమీద ఏదో ఇంగ్లీషు వాక్యం ప్రత్యక్షమవుతుంది. అంతే, "దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు.

మొరాయించిన కంప్యూటర్లన్నీ ముసలితనం వల్లే మొరాయించవు. చాలాసార్లు కారణం చిన్నది, చవకలో తేలిపోయేది. దాన్ని ఒక వరసలో వెతకాలి. నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి మనం నమ్ముతామా?

మొదటి పని: తెరమీది వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోవడం. "ఏదో ఎర్రర్ వచ్చిందండీ" అంటే ఎంతటివాడూ ఏమీ చెప్పలేడు. ఉదాహరణకు, ఫలానా "డి.ఎల్.ఎల్." ఫైలు కనబడలేదని వస్తే, సాఫ్ట్‌వేర్‌కు కావలసిన సహాయక ఫైలు ఒకటి కంప్యూటర్‌లో లేదన్నమాట. ఆ ఒక్క ఫైలునూ ఊరూపేరూ లేని చోటినుంచి దించుకోవద్దు. దానితో వైరస్ కూడా రావచ్చు. "విజువల్ సి ప్లస్ ప్లస్" వంటి సహాయక ఫైళ్ల కట్టను మైక్రోసాఫ్ట్‌వారే ఉచితంగా ఇస్తున్నారు.

రెండవది, యంత్రం జాతకం చూడటం. "కంప్యూటర్" బొమ్మమీద మౌస్ కుడి బటన్ నొక్కి "ప్రాపర్టీస్"లోకి వెళితే విండోస్ ఏదో, ర్యామ్ ఎంతో, 32 బిట్టో 64 బిట్టో తెలుస్తుంది. ఈ చివరి అంకె ముఖ్యం సుమా! 64 బిట్‌కోసం తయారైన ప్రోగ్రాము 32 బిట్ విండోస్‌లో చచ్చినా ఎక్కదు. దాని 32 బిట్ ప్రతి దొరికితే నిక్షేపంగా ఎక్కుతుంది. దీనికి తలకిందుల చిక్కు కూడా ఉంది: 1990ల నాటి 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. ఇంట్లో వాడే 32 బిట్ విండోస్ 4 జి.బి.కి మించిన ర్యామ్‌ను వాడుకోలేదు కూడాను. కనుక ర్యామ్ కొనబోయే ముందు ఈ అంకె చూసుకోండి, డబ్బు మిగులుతుంది.

మూడవది, చోటు. సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు ముందు తన మూట విప్పుకుంటుంది. ఆ తరవాత తన గదిలో సర్దుకుంటుంది. ఈ రెండింటికీ సి డ్రైవ్‌లో జాగా కావాలి. సినిమాలూ, పెళ్లి వీడియోలూ డెస్క్‌టాప్ మీద పేర్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: సాధారణంగా డెస్క్‌టాప్ అంటే సి డ్రైవే. వాటిని వేరే డ్రైవ్‌లోకి మార్చి, "డిస్క్ క్లీనప్" ఒకసారి నడిపితే చాలామందికి దారి దొరుకుతుంది.

నాలుగవది, ఎవరూ అనుమానించనిది: తేదీ.

మా వీధిలో రిటైరైన మేష్టారొకరున్నారు. ఆయనది 2010లో కొన్న డెస్క్‌టాప్, విండోస్ 7. ఉన్నట్టుండి ఇంటర్నెట్‌లో ఏది తెరవబోయినా "సర్టిఫికెట్ సరిగా లేదు" అనడం మొదలుపెట్టింది. ఏ సాఫ్ట్‌వేరూ దించుకునే వీలు లేకపోయింది. షాపు కుర్రాడు వచ్చి, "ఫార్మాట్ కొట్టేద్దాం మేష్టారూ, గంటలో కొత్తదైపోతుంది" అన్నాడట. ఆ మాట చెవిన పడి నేను వెళ్లాను. మేష్టారి తల్లిగారు పాడిన పెళ్లిపాటలూ, మంగళహారతులూ, ఆవిడ బతికుండగా ఆయన పక్కన కూర్చుని టైపు చేసుకున్నవి, ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మరో ప్రతి లేదు.

"ముందు పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామండి. తరవాత ఏం చేసినా ఫరవాలేదు" అన్నాను.

"అయితే ఆ కుర్రాడు చెప్పినట్టు చేస్తే అవి పోయేవా బాబూ?"

"సి డ్రైవ్‌లో ఉన్నవన్నీ తుడుచుకుపోయేవండి."

ఆయన కాసేపు మాట్లాడలేదు.

పాటలతోపాటు వాటి ఫాంటును కూడా కాపీ చేశాం. అది యూనికోడ్ రాకముందు అలవాటైన పద్ధతి ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలే కనబడతాయి. అప్పుడు తెర కింద కుడిమూల చూశాను. తేదీ 2010 జనవరి 1 అని ఉంది! ప్రతి సర్టిఫికెట్‌కూ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. తాను ఇంకా 2010లోనే ఉన్నాననుకునే యంత్రానికి ఈనాటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు; మరి ఎలా నమ్ముతుంది? కరెంటు తీసేశాక లోపలి గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ. సాధారణంగా అది సి.ఆర్. 2032 రకం, 3 వోల్టులది. కొత్తది వేసి తేదీ సరిచేస్తే మేష్టారి కంప్యూటర్ దారికొచ్చింది.

ఇవన్నీ చూశాక కూడా ఎక్కకపోతే, దించుకున్న ఫైలు సగంలో ఆగిందేమో చూసి మళ్లీ దించండి. "రన్ ఆజ్ అడ్మినిస్ట్రేటర్" అన్న మాట నొక్కి ప్రయత్నించండి.

అయితే ప్రతి పాత యంత్రమూ అన్ని పనులకూ పనికొస్తుందని నేననను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగింది. క్రోమ్ బ్రౌజర్ 2023లో వచ్చిన 109వ సంచికతో దానికి స్వస్తి చెప్పింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మద్దతు లేదంటే కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవారు లేరన్నమాట. అటువంటి యంత్రంలో ఉత్తరాలు రాసుకోండి, పాటలు వినండి. బ్యాంకు లావాదేవీలు మాత్రం చేయకండి. ఇక విండోస్ 11 ఎక్కాలంటే 64 బిట్ ప్రాసెసర్, 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. చోటు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనం ఉండాలి. పాత ప్రాసెసర్లు చాలా వాటిని అది ఒప్పుకోదు.

అప్పుడు కూడా పారేయనక్కరలేదు. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 64 బిట్ యంత్రమైతే 2 జి.బి. ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే సుఖం. దాన్ని ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నచ్చుతుందో లేదో చూసుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్.ఎస్.డి. పెడితే నత్తనడక యంత్రం కూడా లేచి కూర్చుంటుంది.

ఏ మార్గం పట్టినా ఒక నియమం తప్పవద్దు. కొత్త కంప్యూటర్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. అమ్మ నోటి పాట ఏ షాపులోనూ దొరకదు. ఎవరైనా "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటే, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, కాపీ తీశావా?"